స్విచ్చు కథ: పంచాయతీ రేడియో నుంచి మిరప చేలో స్ప్రేయర్ దాకా

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండుతున్నాయని, స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. హెడ్మాస్టర్ల గురించి, ఆటస్థలం గురించి, పదో తరగతి వీడ్కోలు సభల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు నాకంటే బాగా రాస్తారు. నాకు తెలిసిన పని ఒక్కటే. బ్యాటరీ కరెంటును ఒక వోల్టేజి నుంచి ఇంకో వోల్టేజికి మార్చే సర్క్యూట్లు చేయడం, చెడిపోతే బాగుచేయడం. వాటినే డీసీ-డీసీ కన్వర్టర్లు అంటారు. మీ జేబులో ఫోనులో అవి ఉన్నాయి. ఇంట్లో టీవీలో, చేలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లో, రైల్వే స్టేషన్ సిగ్నల్ గదిలో ఉన్నాయి. అవి మన పత్తి, మిరప పొలాల మధ్యకు ఎలా వచ్చాయో, వచ్చి మనకు ఏం నేర్పాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డీసీకి వచ్చిన చిక్కు

మన ఇళ్లకు వచ్చేది ఏసీ కరెంటు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగుతుంది కాబట్టే ట్రాన్స్‌ఫార్మర్ పనిచేస్తుంది. ఊరి చివర స్తంభాల మీద కూర్చున్న ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను ఇంటికి తగినట్టు దించుతుంది. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. ఒక చుట్టలో కరెంటు మారుతూ ఉంటే పక్క చుట్టలో కరెంటు పుడుతుంది. ఇది మనం తొమ్మిది, పది తరగతుల్లో ఫెరడే పేరుతో చదువుకున్నదే.

బ్యాటరీ కరెంటు మాత్రం ఊగదు, నిలకడగా ఒకే వైపు పారుతుంది. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపితే అవతలి వైపు ఏమీ రాదు, ఇవతలి చుట్ట కాలిపోతుంది. అందుకని డీసీ వోల్టేజిని పెంచాలన్నా, నష్టం లేకుండా దించాలన్నా ముందు ఆ ధారను ముక్కలుగా తుంచాలి. తుంచడానికి స్విచ్చు కావాలి. అది వేస్తూ తీస్తూ ఉండాలి, అలసిపోకూడదు. ఆ స్విచ్చు ఒకప్పుడు ఇనుప రేకు. తర్వాత ట్రాన్సిస్టర్ అయింది. ఇప్పుడు మిరపగింజంత చిప్పు.

పంచాయతీ రేడియోలో జుమ్మనే డబ్బా

1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. అప్పటికి మన పల్లెల్లో చాలావాటికి కరెంటు లేదు. అయినా రేడియో వచ్చింది. పంచాయతీ ఆఫీసు అరుగు మీదో, మోతుబరి ఇంటి వసారాలోనో రేడియో పెడితే సాయంత్రానికి ఊరు అక్కడ చేరేది. కరెంటు లేని ఊళ్లో రేడియో ఎలా పాడింది?

ఆనాటి రేడియోల్లో వాల్వులుండేవి. వాల్వు ఎర్రబడడానికి కొద్ది వోల్టులు చాలు. పాట పలకాలంటే మాత్రం దాని ప్లేటుకు వంద, రెండువందల వోల్టుల దాకా కావాలి. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది 90 వోల్టుల పొడి బ్యాటరీ కట్ట. అది ఖరీదైనది, అయిపోతే పారేయాల్సిందే. రెండోది కారు బ్యాటరీలాంటి 6 వోల్టుల ఆసిడ్ బ్యాటరీ, దానికి తోడు వైబ్రేటర్ అనే చిన్న డబ్బా.

మన ఫిజిక్సు ల్యాబులో కరెంటు గంటను చూశాం. ఇనుప రేకు అయస్కాంతానికి లాగబడుతుంది, లాగబడగానే సర్క్యూటు తెగుతుంది, తెగగానే రేకు వెనక్కి వస్తుంది, మళ్లీ సర్క్యూటు కలుస్తుంది. వైబ్రేటర్ అంటే గంట లేని కరెంటు గంటే. అందులో రేకు సెకనుకు సుమారు వందసార్లు కొట్టుకుంటూ 6 వోల్టుల ధారను తుంచేది. తుంచిన ధార ట్రాన్స్‌ఫార్మర్లోకి వెళ్లి వందల వోల్టులుగా బయటికి వచ్చేది. దాన్ని మళ్లీ డీసీ చేస్తే వాల్వులకు సరిపోయేది. రేడియో పెట్టగానే పాటకంటే ముందు వినిపించే జుమ్మనే చప్పుడు ఈ రేకుదే. అమెరికాలో 1930ల కారు రేడియోల కోసం బాగా వాడుకలోకి వచ్చిన ఏర్పాటు ఇది. మన పల్లెలకు వచ్చిన మొదటి డీసీ-డీసీ కన్వర్టరు ఇదే.

దాని జబ్బు దాని పుట్టుకలోనే ఉంది. సర్క్యూటు తెగిన ప్రతిసారీ రేకు కొసన నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వకు కాంటాక్టులు గుంటలు పడతాయి, ఒక్కోసారి అతుక్కుపోతాయి. రవ్వను మింగడానికి పక్కనే ఒక కండెన్సరు పెట్టేవారు. ఆ కండెన్సరు చెడితే వైబ్రేటర్ కూడా త్వరగా పోయేది. డబ్బాను వాల్వులాగే ఊడదీసి కొత్తది గుచ్చడానికి వీలుగా చేసింది అందుకే. బ్యాటరీని సైకిలు మీదో బండి మీదో పట్నానికి తీసుకెళ్లి చార్జింగు పెట్టించి తేవాలి. బ్యాటరీ వెళ్లిన రోజు ఊళ్లో వార్తలుండవు.

1950ల మధ్యలో ట్రాన్సిస్టర్లు వచ్చి ఈ రేకు పనిని అందుకున్నాయి. ట్రాన్సిస్టర్ రేడియోకు వందల వోల్టుల అవసరమే లేదు, నాలుగు టార్చి సెల్లులు చాలు. వైబ్రేటర్ డబ్బా అటక ఎక్కింది. తుంచి మార్చడమనే ఉపాయం మాత్రం మరో వేషంలో తిరిగి వచ్చింది.

ఆయిల్ ఇంజను చెప్పిన పాఠం

ఈ ఉపాయాన్ని పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను పుస్తకం మూసి ఆయిల్ ఇంజను దగ్గరికి వెళతాను. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక కూడా కాలువ అందని చేలల్లో, బావుల మీద, వాగుల పక్కన ఆయిల్ ఇంజన్లే దిక్కు. వాటి చప్పుడు వినని రైతు బిడ్డ మనలో ఎవరూ ఉండరు.

ఆ ఇంజను నిజానికి నిలకడగా లాగదు. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో చక్రం రెండు చుట్లు తిరిగితే ఒక్కసారే పేలుడు. మిగతా సేపంతా ఇంజను తన బరువును తానే మోసుకుంటుంది. అయినా పంపులోంచి నీళ్లు ఎగిరెగిరి పడవు, ఒకే ధారగా వస్తాయి. కారణం ఆ పక్కనున్న బరువైన చక్రం. పేలినప్పుడు బలాన్ని దాచుకుంటుంది, పేలనప్పుడు తిరిగి ఇస్తుంది. నీటి బరువు పెరిగి ఇంజను నెమ్మదించబోతే గవర్నరు కనిపెట్టి ఎక్కువ నూనె వదులుతుంది. బరువు తగ్గి వేగం పెరగబోతే నూనె తగ్గిస్తుంది.

స్విచ్చింగు కన్వర్టరులో ఉన్నవి సరిగ్గా ఇవే. పేలుడు స్థానంలో స్విచ్చు వేయడం ఉంటుంది. బరువు చక్రం స్థానంలో కాయిల్ ఉంటుంది. చక్రం తన వేగాన్ని ఒక్కసారిగా మార్చుకోనట్టే కాయిల్ తనలోని కరెంటును ఒక్కసారిగా మారనివ్వదు. ఇంకా మిగిలిన ఎగుడుదిగుళ్లను కండెన్సరు చదును చేస్తుంది. గవర్నరు స్థానంలో కంట్రోలర్ చిప్పు ఉంటుంది. బయటికి వచ్చే వోల్టేజిని కనిపెట్టి చూస్తూ స్విచ్చు ఎంతసేపు వేసి ఉంచాలో, ఎంతసేపు తీసి ఉంచాలో క్షణక్షణం అది నిర్ణయిస్తుంది. మన నాన్నలు గవర్నరు స్ప్రింగు బిగించి ఇంజను వేగం సరిచేసినప్పుడు చేసింది ఈ సర్దుబాటే.

వేడిగా కాల్చేసిన రోజులు

ఈ పద్ధతి తెలిసినా చాలాకాలం మన దగ్గర వాడుకలో ఉన్నది వేరు. 1960ల చివర్లో 723 అనే రెగ్యులేటర్ చిప్పు వచ్చింది, తర్వాత మూడు కాళ్ల 7805 వచ్చింది. పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన ప్రతివాడూ మొదట పట్టుకున్నది 7805నే. వాడకం చాలా తేలిక. ఒక కాలికి 12 వోల్టులు ఇస్తే ఇంకో కాలి దగ్గర 5 వోల్టులు వస్తాయి. కాయిల్ అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు.

కాని మిగిలిన 7 వోల్టులు ఎక్కడికి పోయాయి? చిప్పు వాటిని వేడిగా కాల్చేసింది. 1 ఆంపియరు కరెంటు తీసుకుంటే మనకు దక్కేది 5 వాట్లు, మంటలో కలిసేది 7 వాట్లు. బ్యాటరీ ఇచ్చిన నూరు పాళ్లలో 42 పాళ్లే పనికొచ్చాయి. కాలువ తూములోంచి పన్నెండు బానల నీళ్లు తోడి, ఏడు నేలపాలు చేసి, అయిదు మొక్కలకు పోసినట్టు.

చల్లని ఊళ్లల్లో ఇది ఖర్చు సమస్య మాత్రమే. మనకది ప్రాణ సమస్య. రాష్ట్రంలో ఎండలు మండే ఊరంటే ముందు చెప్పేది పల్నాడులోని రెంటచింతలే. మే నెలలో మన జిల్లాల్లో 45 డిగ్రీలు కొత్త కాదు. రేకుల షెడ్డులో, మూసిన డబ్బాలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. 7805కు వేడి వదిలే అల్యూమినియం రేకు తగిలించకపోతే అది కాల్చే ఒక్కో వాటుకు సుమారు 65 డిగ్రీలు పెరుగుతుంది. 45 డిగ్రీల ఎండలో ఒక్క వాటు కాల్చినా 110 దాటుతుంది. ఏడు వాట్లయితే లెక్క చూడక్కర్లేదు.

కండెన్సర్ల సంగతి ఇంకా కష్టం. రసాయనం నింపిన కండెన్సరు పది డిగ్రీలు వేడెక్కిన కొద్దీ దాని ఆయుష్షు సగమవుతుందని మా వృత్తిలో ఒక లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు బతికేది 65 దగ్గర 32,000 గంటలు బతుకుతుంది. అదే 85 దగ్గర అయితే 8,000 గంటలే. తయారైన చోట మూడేళ్లు నడిచిన పెట్టె మన ఊళ్లో ఒక్క వేసవికే ఎందుకు ఉబ్బిపోయి బల్ల మీదికి వస్తుందో ఈ లెక్క చెబుతుంది. చల్లని గదిలో కూర్చుని డిజైను చేసినవాడికి రెంటచింతల తెలియదు.

ఆకాశంలో ఒక పాఠం

కరెంటు మార్చే పెట్టె ఎంత ముఖ్యమో దేశానికి తెలిసొచ్చిన సంవత్సరం 1975. ఆ ఏడు ఏప్రిల్ 19న మన మొదటి ఉపగ్రహం ఆర్యభట సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. బెంగుళూరు పీణ్యలోని షెడ్డులలో మన శాస్త్రవేత్తలు తయారుచేసిన 360 కిలోల ఉపగ్రహం అది. నాలుగు రోజులు తిరిగాక లోపలి విద్యుత్ సరఫరాలో లోపం వచ్చి, అందులో పెట్టిన శాస్త్ర ప్రయోగాలు ఆగిపోయాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉంది. పరికరాలకు అందాల్సిన కరెంటు అందలేదు, అంతే.

అదే 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించే సైట్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగులో కార్యక్రమాలు వచ్చాయి. ఆ టీవీ సెట్లు చేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. 1967లో మొదలైన ఆ సంస్థకు ప్రాణం పోసినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. అణు పరికరాల ఎలక్ట్రానిక్సుతో మొదలుపెట్టి టీవీలు, కంప్యూటర్ల దాకా మన చేతులతో చేయొచ్చని నిరూపించిన తరం ఆయనది. హైదరాబాదులో ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరే.

పదహారు కాళ్ల చిప్పు

1976లో అమెరికాలోని సిలికాన్ జనరల్ అనే కంపెనీ నుంచి రాబర్ట్ మమ్మానో డిజైను చేసిన ఎస్జీ 1524 అనే చిప్పు వచ్చింది. పదహారు కాళ్ల చిన్న పలక. అప్పటిదాకా స్విచ్చింగు సప్లై చేయాలంటే డజన్ల కొద్దీ విడి భాగాలు టంకం వేసి కలపాల్సి వచ్చేది. అంతరిక్ష, సైనిక అవసరాలకే ఆ ఖర్చు భరించేవారు. ఇప్పుడు గవర్నరు మొత్తం ఒక్క చిప్పులోకి వచ్చింది. తాళం వేసే ఆసిలేటర్, కొలతకు నిలిచే 5 వోల్టుల ప్రమాణం, తేడా కనిపెట్టే యాంప్లిఫయరు, స్విచ్చులను వంతులవారీగా వేసే రెండు ట్రాన్సిస్టర్లు అన్నీ లోపలే. మరుసటి ఏడు, 1977లో, ఆపిల్ 2 కంప్యూటర్ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా స్విచ్చింగు సప్లైతో వచ్చింది. తర్వాత ప్రపంచమంతా ఆ దారి పట్టింది.

వైబ్రేటర్ రేకు సెకనుకు వందసార్లు కొట్టేది. ట్రాన్సిస్టర్ స్విచ్చు లక్షసార్లు కొడుతుంది. ఎంత వేగంగా తుంచితే ఒక్కో తుంచుడుకూ దాచాల్సిన శక్తి అంత తక్కువ, కాబట్టి కాయిల్ అంత చిన్నది. కిలోల బరువున్న ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ పోయి ఉసిరికాయంత ఫెరైట్ ముక్క రావడానికి కారణం ఇదే.

మన 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టులు, 1 ఆంపియరు ఈ పద్ధతిలో తీయాలంటే లెక్క ఇలా ఉంటుంది. 5ను 12తో భాగిస్తే 0.42. అంటే నూరు పాళ్ల కాలంలో స్విచ్చు 42 పాళ్లు వేసి ఉండాలి, 58 పాళ్లు తీసి ఉండాలి. సెకనుకు లక్షసార్లు తుంచితే ఒక్కో వంతుకు 10 మైక్రోసెకన్లు, అందులో వేసి ఉండేది సుమారు 4.2. ఆ కాసేపు కాయిల్ మీద 12 లోంచి 5 పోగా 7 వోల్టులుంటాయి. కాయిల్ కరెంటు 0.3 ఆంపియర్లకు మించి ఎగుడుదిగుడు కాకూడదనుకుంటే 97 మైక్రోహెన్రీలు కావాలి. బజారులో దొరికే 100 తెచ్చుకుంటే చాలు. స్విచ్చు తీసినప్పుడు కాయిల్ కరెంటు ఆగకుండా తిరగడానికి ఒక డయోడ్ దారి ఇస్తుంది. ఇదంతా పదో తరగతి గుణకారాలు, భాగహారాలే.

ఫలితం చూడండి. నూటికి 85 పాళ్లు పనిచేసే కన్వర్టరు బ్యాటరీ నుంచి తీసుకునేది 1 ఆంపియరు కాదు, 0.49 మాత్రమే. లెక్క ప్రకారం 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ 7805తో ఏడు గంటలు నడిస్తే దీనితో పద్నాలుగు గంటలు నడుస్తుంది. అదే బ్యాటరీ, అదే పని. కాల్చి పారేయడం మానేశాం, అంతే.

ఊరి ఎక్స్ఛేంజీ, రైలు సిగ్నలు

మన పల్లెల్లో ఈ పద్ధతి నిజంగా ఊరి పని భుజాన వేసుకున్నది టెలిఫోనుతో. 1984లో ఏర్పడిన సీడాట్ సంస్థ 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజీని తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. విదేశీ ఎక్స్ఛేంజీలకు ఏసీ గదులు కావాలి, దుమ్ము పడకూడదు. దీనికి ఏసీ గది అక్కర్లేకుండా, మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునేలా చేశారు. కరెంటు పోయినా 48 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. లోపలి చిప్పులకు కావాల్సింది 5, 12 వోల్టులు. ఆ 48ని ఈ 5గా, 12గా మార్చేది డీసీ-డీసీ కార్డులే. ఆ 48ని 7805 పద్ధతిలో దించి ఉంటే ఎక్స్ఛేంజీ గది ఇటుకబట్టీ అయ్యేది. ఏసీ లేకుండా నడవడం వెనక స్విచ్చింగు సప్లై పాత్ర పెద్దది. తర్వాత ఊరూరా ఎస్టీడీ బూతులు వెలిశాయి. బిడ్డ అమెరికా నుంచి మాట్లాడితే తల్లి చీరకొంగుతో రిసీవర్ పట్టుకుని ఏడ్చిన రోజులు మనం చూశాం. ఆ మాట వెనక సెకనుకు వేలసార్లు కొట్టుకునే స్విచ్చు ఉంది.

రైల్వేది ఇంకో తరహా కథ. సిగ్నల్ గదిలో ఒకప్పుడు ఒక్కో పరికరానికి ఒక్కో బ్యాటరీ, ఒక్కో చార్జరు ఉండేవి. వాటి స్థానంలో ఇంటిగ్రేటెడ్ పవర్ సప్లై అనే ఏర్పాటు వచ్చింది. ఒకే 110 వోల్టుల బ్యాటరీ వరస, దాని మీద రిలేలకు 24 వోల్టులు, ఇతర పరికరాలకు వేరే వోల్టులు ఇచ్చే డీసీ-డీసీ మాడ్యూళ్లు. ఇక్కడ డిజైను సూత్రం ఒక్కటి గుర్తుపెట్టుకోదగ్గది. నాలుగు మాడ్యూళ్లు చాలినచోట అయిదు పెడతారు. ఒకటి పోయినా సిగ్నలు ఆరదు. ఇలాంటి పరికరాల రంగంలో మన తెలుగువాళ్ల కంపెనీలు నిలబడ్డాయి. 1977లో హైదరాబాదులో మొదలైన హెచ్‌బీఎల్, 1985లో తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు గారు మొదలుపెట్టిన అమర రాజా బ్యాటరీలతో పాటు పవర్ ఎలక్ట్రానిక్సులోనూ పేరు తెచ్చుకున్నాయి. ఉస్మానియాలో 1980లో ఇంజనీరింగ్ పూర్తిచేసిన ప్రసాద్ ఎంజేటి గారు అమెరికాలో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఈ విద్యకే ఆచార్యులయ్యారు.

ఇంట్లోకి వచ్చిన స్విచ్చు

1982 ఆసియా క్రీడలతో కలర్ టీవీ వచ్చింది. సాయంత్రం ఏడయ్యేసరికి మన ఊళ్లల్లో వోల్టేజి పడిపోయేది, బల్బులో తీగ ఎర్రగా కనిపించేది. టీవీ పక్కన టకటకమనే స్టెబిలైజరు తప్పనిసరి. స్విచ్చింగు సప్లైలు మెరుగయ్యాక ‘స్టెబిలైజరు అక్కర్లేదు’ అని టీవీ కంపెనీలు ప్రకటనలు వేసుకున్నాయి. వచ్చే వోల్టేజి తగ్గితే చిప్పు స్విచ్చును ఇంకాస్త ఎక్కువసేపు వేసి ఉంచుతుంది, లోపలికి అందేది మారదు. గవర్నరు పనే మళ్లీ.

తర్వాత ఇన్వర్టర్ల కాలం. 2012, 2013 సంవత్సరాల కరెంటు కోతలు ఎవరూ మరిచిపోలేదు. ఆ రోజుల్లో బల్ల మీదికి వచ్చిన ఇన్వర్టర్ల మూత తీస్తే చాలావాటిలో కనిపించింది 3524 లేదా 3525, అంటే 1976 నాటి ఆ పదహారు కాళ్ల చిప్పు సంతానం. ఇన్వర్టరు డీసీని ఏసీ చేస్తుంది కాబట్టి ఖచ్చితంగా డీసీ-డీసీ కాదు. కాని గుండె అదే.

2014లో ప్రభుత్వం ఎల్ఈడీ బల్బులు పంచినప్పుడు రాష్ట్రంలో తొలి విడత జిల్లాల్లో మన గుంటూరు కూడా ఉంది. మంచి ఎల్ఈడీ బల్బు మెడలో ఒక బుల్లి స్విచ్చింగు సర్క్యూటు కూర్చుని ఉంటుంది. ఒకప్పుడు ఊరికొక్క వైబ్రేటర్. ఇప్పుడు ఇంటికి ఇరవై స్విచ్చులు.

గవర్నరు ఊడిన రోజు

గొప్పలే చెప్పుకుంటే చరిత్ర కాదు కాబట్టి నా తప్పు ఒకటి చెబుతాను. మిరప యార్డులో తూకానికి ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చిన కొత్తలు. ఒక పెద్దాయన, కమీషన్ వ్యాపారి, కాటా బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోందని తెచ్చి ఇచ్చారు. నేను ఉత్సాహంగా లోపలి రెగ్యులేటర్ తీసేసి, 12 వోల్టుల బ్యాటరీ పెట్టి, నేను చేసిన స్విచ్చింగు సర్క్యూటు అమర్చాను. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు ఆయన కబురు చేశారు.

“ఏం బాబూ, నీ కాటా పొగలు కక్కుతోంది, వచ్చి చూసుకో” అన్నారు.

వెళ్లి మూత తీశాను. బస్తాల అదురుకు ఒక సన్నని తీగ టంకం ఊడింది. బయటి వోల్టేజిని చిప్పుకు చెప్పే తీగ అది. ఆ కబురు అందక చిప్పు వోల్టేజి తక్కువైందనుకుంది, స్విచ్చును పూర్తిగా వేసి ఉంచింది. 5 వోల్టులు తాగాల్సిన బోర్డు మీద 12 వోల్టులు పడ్డాయి. గవర్నరు లింకు ఊడిన ఇంజను పరుగెత్తి పగిలినట్టే అయింది.

“తప్పు నాదేనండీ” అని బోర్డు డబ్బులు ఇచ్చుకున్నాను. ఆయన సగమే తీసుకున్నారు.

ఆ రోజు నుంచి నేను చేసిన ఏ కన్వర్టరులోనూ రెండు సంగతులు మానలేదు. వోల్టేజి హద్దు దాటితే ఫ్యూజు ఎగిరేలా ఒక కాపలా, కబురు తీగ తెగితే స్విచ్చు వేసి కాక తీసి ఆగిపోయేలా ఒక రెసిస్టరు. రెండింటి ఖర్చూ టీ ఖర్చు. చవక చార్జర్లలో మొదట ఎగరగొట్టేది వీటినే.

చేలోకి వచ్చిన స్విచ్చు, మూసుకున్న మూత

ఇప్పుడు మిరప చేలో కూలీ భుజాన ఉన్న స్ప్రేయర్లో 12 వోల్టుల బ్యాటరీ, చిన్న పంపు, వేగం తగ్గించే మర ఉన్నాయి. ఆ మర తిప్పితే జరిగేది కూడా తుంచడమే, వేసి ఉంచే పాలు తగ్గుతుంది. సోలార్ పలక నుంచి బ్యాటరీ నింపే మంచి కంట్రోలర్ కూడా డీసీ-డీసీ కన్వర్టరే. మందు కొట్టే డ్రోన్లోనూ అంతే. మన పొలాలు దీని మీద ఇంతగా ఆధారపడిన రోజు ఇంతకు ముందు లేదు.

అదే సమయంలో మన పట్నాల్లో రేడియో, టీవీ మెకానిక్కుల బల్లలు ఒక్కొక్కటే ఎత్తేశారు. పెట్టెలు అతికించి వస్తున్నాయి. ఒక్కోసారి చిప్పు మీద పేరు కూడా గీకేసి ఉంటుంది. కండెన్సరు ఒక్కటి మారిస్తే బతికే పెట్టె చెత్తలోకి పోతోంది, రైతు కొత్తది కొంటున్నాడు. నాటుగా చేసిన సర్క్యూట్ల రొద ఇంకో బాధ. సెకనుకు లక్షసార్లు తుంచే స్విచ్చుకు తగిన వడపోత పెట్టకపోతే దాని గిజగిజ మీడియం వేవ్ నిండా పరుచుకుంటుంది. ఈమధ్య ఒక సాయంత్రం పాత రేడియోలో విజయవాడ, 837 కిలోహెర్ట్జ్ పెట్టబోతే పక్కింటి బల్బు రొద తప్ప ఏమీ వినిపించలేదు. ఒకప్పుడు ఊరికి రేడియోను తెచ్చిన స్విచ్చే ఇప్పుడు ఆ రేడియో నోరు నొక్కుతోంది. తప్పు స్విచ్చుది కాదు, వడపోత మిగుల్చుకున్నవాడిది.

మన బడిలో ఒక బల్ల

మన బడిలో చదివినవాళ్లలో హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాల్లో చిప్పులు డిజైను చేసేవాళ్లున్నారు. ఊళ్లోనే ఉండి పంపులు, స్ప్రేయర్లు బాగుచేసేవాళ్లూ ఉన్నారు. వీళ్లిద్దరూ ఒక బల్ల దగ్గర కలవరు. ఎండకు ఏది ఉబ్బుతుందో ఇక్కడివాడికి తెలుసు, ఎందుకు ఉబ్బుతుందో, ఎలా తప్పించాలో అక్కడివాడికి తెలుసు. ఈ రెండు తెలివిడులూ కలిస్తేనే రెంటచింతల ఎండకు నిలిచే పెట్టె పుడుతుంది.

అందుకని స్వర్ణోత్సవ సందర్భంగా సంఘానికి నాదొక మనవి. ఆర్చీలు, శిలాఫలకాలు తర్వాత కట్టుకోవచ్చు. సైన్సు గదిలో కిటికీ పక్కన ఒక గట్టి బల్ల వేయిద్దాం. దాని మీద ఒక టంకం ఇనుము, మంచి మల్టీమీటరు, వోల్టేజి మార్చుకునే సప్లై, తరంగాలు చూపించే ఆసిలోస్కోపు పెడదాం. మొదటి పాఠంగా తొమ్మిదో తరగతి పిల్లల చేత 12 వోల్టులను 5 చేయిద్దాం. ముందు 7805తో చేసి చెయ్యి పెట్టి వేడి చూడమందాం. తర్వాత కాయిల్, స్విచ్చులతో చేసి మళ్లీ చెయ్యి పెట్టమందాం. ఆ రెండింటి తేడా ఒకసారి వేలికి తగిలితే పుస్తకంలో పది పేజీలు చదివినట్టే. నెలకో ఆదివారం ఊళ్లో చెడిపోయిన స్ప్రేయర్లు, చార్జర్లు తెమ్మని పిల్లల ముందే మూత తీద్దాం. నా ఆసిలోస్కోపు పాతదే అయినా పనిచేస్తోంది. దాన్ని ఈ బల్లకు ఇస్తున్నాను. ఆదివారాలు నేనూ వస్తాను.